క్రూసోనా, మిస్టీరియస్ ఐలాండా: ముందు ఏది?

సెలవులొస్తే చాలు, తెలిసినవాళ్లు నన్ను అడిగే మాట ఇదే: దీవిలో చిక్కుకుపోయినవాళ్ల కథల్లో పిల్లలకు ముందు ఏది ఇవ్వాలి? మా అమ్మాయి కోసం ఈమధ్యే రాబిన్సన్ క్రూసో, మిస్టీరియస్ ఐలాండ్ నవలలు రెండూ మళ్లీ చదివాను.

నాకు తేడా తెలిసింది గింజ దగ్గర. జూల్స్ వెర్న్ 1874-75లో ప్రచురించిన మిస్టీరియస్ ఐలాండ్‌లో హెర్బర్ట్ అనే కుర్రాడి కోటు లోపల ఒకే ఒక్క గోధుమ గింజ దొరుకుతుంది. ఇంజినీరు సైరస్ స్మిత్ అప్పటికప్పుడు లెక్క కడతాడు: మొదటి పంటకు 800 గింజలు, రెండో పంటకు 6,40,000. చదువుతుంటే హుషారొస్తుంది. ఐదుగురు మనుషులు, తోడుగా కుక్క, అన్నీ తెలిసిన పెద్దదిక్కు. ఇక టెన్షన్ ఎక్కడిది?

డానియల్ డిఫో 1719లో రాసిన క్రూసోకి ఆ దిక్కు లేదు. కోళ్ల మేత సంచిలో ఎలుకలు తినగా మిగిలిన పొట్టును రాతి పక్కన దులిపేసి మరిచిపోతాడు. వానలు పడ్డాక అక్కడ పది పన్నెండు బార్లీ వెన్నులు, కాసిని వరి మొక్కలు కనిపిస్తాయి. దేవుడే మొలిపించాడనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. సంచి సంగతి తర్వాత గుర్తొస్తుంది. ఆ గింజలు దాచి, మళ్లీ విత్తేటప్పుడు అదును తప్పుతాడు. ముందు వర్షాల్లేని నెలలు. ఒక్క మొక్కా పైకి రాదు. నయం, మూడో వంతు గింజలు అట్టేపెట్టుకున్నాడు. తన పంట గింజ నోట్లో వేసుకునేసరికి నాలుగో ఏడు వచ్చింది. కుండలూ అంతే. రెండు నెలలు మట్టితో కుస్తీపట్టి రెండు వికారమైన పాత్రలు చేస్తాడు. మట్టిని కాల్చాలన్న సంగతి, పొయ్యిలో పడి రాయిలా గట్టిపడిన ఒక పెంకు చూశాకే తెలుస్తుంది.

అందుకే నా ఓటు క్రూసోకే. అయితే పిల్లలతో ఒక విషయం మాట్లాడి తీరాలి. అతని ఓడ ప్రమాదంలో పడింది బానిసల్ని తేవడానికి ఆఫ్రికా వెళ్తుండగా. దీవిలో తాను కాపాడి పనివాడిగా పెట్టుకున్న ఫ్రైడేకి నేర్పిన తొలి మాటల్లో 'మాస్టర్' ఒకటి. ఆ పేజీలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

ఇలాంటిదే మరో దీవి కథ, స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్, మరీ చిన్నపిల్లలకైతే పర్వాలేదు. అందులో కావలసినవన్నీ అడిగిందే తడవుగా దొరికేస్తాయి.

క్రూసో కొంటే పూర్తి ప్రతే కొనండి. కుదించిన వాటిలో ముందు ఎగిరిపోయేవి ఈ విత్తనాలూ కుండలే. మా అమ్మాయి ప్రస్తుతం ఆ కుండల దగ్గరే ఉంది. పెంకు సంగతి నేనింకా చెప్పలేదు.