విమానం ఎక్కే ముందు ఇటాలియన్ భోజనం

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లి విమానం ఎక్కేవాళ్లకు దారిలో ఎక్కడ తినాలన్నది పెద్ద ప్రశ్నే. పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి చేరేసరికి సగం రోజు గడిచిపోతుంది. ముళబాగిలు దోసెకు సాటి లేదు, అది ఒప్పుకోవలసిందే. కానీ హోసకోట దగ్గర లారీల మధ్య బండి నిలిచిపోతే, దోసె కోసం ఆగిన అరగంటే మనసును తొలిచేస్తుంది. అందుకే అమ్మతో సింగపూర్ వెళ్లేటప్పుడు తనిఖీలన్నీ ముగించుకుని విమానాశ్రయం లోపలే తిన్నాం. అంతర్జాతీయ ప్రయాణికులకు ఇప్పుడు రెండో టెర్మినలే. వెదురు పైకప్పు, వేలాడే మొక్కలు చూస్తూ అమ్మ ప్రయాణ బడలిక మరిచిపోయింది.

మేం కూర్చున్నది ఒక ఇటాలియన్ రెస్టారెంటు. వడ్డించే అబ్బాయి మెనూ ఇవ్వకముందే విమానం ఎన్ని గంటలకని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు అక్కడ నమ్మకం కుదిరింది. నేను రిసొట్టో అనే అన్నం వంటకం అడిగితే, సమయం చాలదని తనే వద్దన్నాడు. అది నిజమే. బియ్యంలో కూరగాయలు ఉడికించిన వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతూ వండాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. నేపుల్స్ పద్ధతి పిజ్జా అయితే 450 డిగ్రీల పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో కాలి సిద్ధమవుతుంది.

అమ్మ మాంసం ముట్టదు. శాకాహారులు ఇక్కడ గట్టిగా అడిగి తెలుసుకోవలసింది చీజ్ సంగతి. అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పెస్టో అనే తులసిజాతి ఆకుల పచ్చడిలోనూ సాధారణంగా ఆ చీజే కలుపుతారు. ఈ మాట చెప్పగానే అబ్బాయి వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చాడు. పిజ్జా పైన తురిమి చల్లేది పార్మెజాన్ అని, అది మానేసి ఆకుపచ్చ చుక్క ఉన్న మొజరెల్లా చీజ్‌తో చేయిస్తానని చెప్పాడు. అంత ఓపికగా వినేవాళ్లు విమానాశ్రయాల్లో అరుదు.

టమాటా, తులసిజాతి ఆకు, మొజరెల్లాతో వచ్చిన పిజ్జా అంచులు పొంగి, అక్కడక్కడా మాడి, ఎంతో బాగుంది. పాస్తా మాత్రం అమ్మకు నచ్చలేదు. "ఇంకా ఉడకాలి నాన్నా" అంది. వాళ్ల పద్ధతిలో పాస్తా పంటికి తగిలేలా ఉండాలి. మన పెద్దవాళ్లకైతే మరికాస్త ఉడికించమని ముందే చెప్పాలి.

ధర ఎక్కువే. ఆ ఒక్క పిజ్జా డబ్బుతో చిత్తూరులో ఇంటిల్లిపాదీ భోంచేయవచ్చు. కూర్చున్న సుఖానికి, వేడి తిండికి, అమ్మకు దక్కిన మర్యాదకు నేను ఆ డబ్బు మళ్లీ ఇస్తాను. క్రీము సాసులు మాత్రం విమానానికి ముందు వద్దు. పైన గాలి పీడనం తగ్గి కడుపులోని వాయువు వ్యాకోచిస్తుంది, బరువైన తిండి తోడైతే ఉబ్బరం తప్పదు. బోర్డింగుకు గంట వ్యవధి లేకపోతే అసలు కూర్చోవద్దు. ఇడ్లీ పొట్లం కట్టించుకుని గేటు దగ్గరికి నడవడమే మంచిది.