సొంత ప్రాజెక్టులా, కన్సల్టెన్సీ పేరోలా?

బెజవాడలో ఇంట్లో కూర్చుని కోడ్ రాసి బతికేవాళ్లకు గంట రేటు పడిపోయింది, కొత్త పని దొరకడం గగనమైంది. చిన్నచిన్న వెబ్‌సైట్లను క్లయింట్లే ఏఐతో చేసేసుకుంటున్నారు. దాంతో చాలామంది హైదరాబాద్ కన్సల్టెన్సీల పేరోల్ వైపు, అంటే వాళ్ల దగ్గర నెల జీతానికి చేరి వాళ్ల క్లయింట్లకు పని చేయడం వైపు చూస్తున్నారు.

సొంతంగా చేస్తే మధ్యవర్తి కోత ఉండదు. ఇన్‌కం ట్యాక్స్‌లో ప్రిజంప్టివ్ పద్ధతి ఎంచుకుంటే, వచ్చిన డబ్బులో సగాన్నే ఆదాయంగా చూపొచ్చు. అసలు టెన్షన్ వసూళ్ల దగ్గరే. బిల్లు పంపాక "వచ్చే వారం వేస్తాం బ్రదర్" అన్న మాట నెలల తరబడి వినాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చట్టం మన వైపుంటుంది: ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే చక్రవడ్డీ కట్టాలి. కానీ ఊళ్లో క్లయింట్ మీద వడ్డీ కోసం కేసు వేసి మళ్లీ అక్కడే పని అడగ్గలమా? విదేశీ క్లయింటయితే ఈ చట్టమూ అక్కరకు రాదు, అడ్వాన్సే దిక్కు.

పేరోల్‌లో నెల జీతం, పీఎఫ్, జీతం స్లిప్పు. హోమ్ లోన్‌కు వెళ్తే బ్యాంకువాళ్లు మొదట అడిగేది ఆ స్లిప్పే. క్లయింట్ దగ్గర కన్సల్టెన్సీ ఎంత తీసుకుంటోందో మాత్రం చెప్పరు. ప్రాజెక్టు ఆగితే జీతమూ ఆగొచ్చు.

ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండి, ఇద్దరు నిలకడైన క్లయింట్లుంటే సొంతమే నయం. లేదంటే పేరోలే, కాకపోతే బెంచ్ జీతం (ప్రాజెక్టు లేని రోజుల్లో ఇచ్చే జీతం), నోటీసు గడువు ఆఫర్ లెటర్‌లో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.