సీటు ముందా, రైలు ముందా? శాన్‌ఫ్రాన్సిస్కోలో బేస్‌బాల్ ఆటకు వెళ్ళేవాళ్ళకు ఏది మేలు?

మా నాన్న మొదటిసారి అమెరికా వచ్చింది జులైలో. ఒంగోలు ఎండ చూసొచ్చిన మనిషి కదా, శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ ఆడే సాయంత్రం 6:45 ఆటకు పొట్టి చేతుల చొక్కాతో బయల్దేరారు. స్వెట్టర్ వేసుకోమంటే "జులైలో స్వెట్టరేంట్రా!" అన్నారు. బేస్‌బాల్‌లో ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. మూడో ఇన్నింగ్స్‌కి అమ్మ శాలువా ఆయన మెడ చుట్టూ ఉంది. ఆరో ఇన్నింగ్స్‌కి ముగ్గురం గేటు బయట, స్టేషన్ దారిలో ఉన్నాం. వదిలేసి వచ్చినవేమో కింది అంతస్తులో, మూడో బేస్ పక్కన, నేను అంతకుముందెప్పుడూ పెట్టనంత డబ్బు పెట్టి కొన్న సీట్లు.

అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసి "అన్నా, జెయింట్స్ ఆటకి ఏ సీట్లు తీసుకోమంటారు?" అని అడిగినా, ముందు "తిరిగి ఇంటికి ఎలా వెళ్తావు?" అని అడుగుతున్నాను. సీటు లెక్క వేరు, ప్రయాణం లెక్క వేరు అనుకుంటాం. ఏడో ఇన్నింగ్స్‌లో లేచి రైలుకి పరిగెత్తాల్సిన మనిషికి ముందు వరస సీటు దండగే కదా.

క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం కాబట్టి సీటు దగ్గర మనం ఇంకో పొరపాటు కూడా చేస్తాం. ఉప్పల్ స్టేడియంలో ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక ఓవర్లో బంతి మన వైపు వస్తుంది. బ్యాటర్ చుట్టూ నాలుగు దిక్కులా ఆటే. బేస్‌బాల్ మైదానం విసనకర్ర లాంటిది. పిడి దగ్గర బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్, అక్కడినుంచి చెరో వైపు ఒక గీత. పరిగెత్తేవాడు ఆగే చోట్లు బేస్‌లు, కుడి గీత మీద మొదటిది, ఎడమ గీత మీద మూడోది. బంతి ఆ రెండు గీతల మధ్య పడితేనే లెక్క. నాన్న ఆ రోజు "వాడు అంత చక్కగా వెనక్కి తిప్పాడు, పరిగెత్తడేంరా?" అని అడిగారు. వెనక్కి పోతే ఫౌల్ నాన్నా, అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మన లేట్ కట్ ఆడేవాళ్ళకి ఇక్కడ అన్నం పుట్టదన్నమాట" అన్నారు. అంతే మరి. అందుకే విసనకర్ర పిడి వెనక కూర్చున్నవాడికి ఆట మొత్తం ఎదురుగా పరుచుకుని ఉంటుంది. అంచుల్లో కూర్చున్నవాడికి ముక్కలుగా కనిపిస్తుంది.

జెయింట్స్ స్టేడియం ఒరాకిల్ పార్కులో సీట్లు ముఖ్యంగా నాలుగు రకాలు. కింది అంతస్తు, దాని మీద 200 నంబర్ల క్లబ్ అంతస్తు, అన్నిటికన్నా పైన 300 నంబర్ల వ్యూ అంతస్తు, మైదానం అవతలి అంచున బ్లీచర్లు.

కింది అంతస్తు గొప్ప ఏమిటంటే వేగం తెలుస్తుంది. బంతి విసిరే పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ కన్నా తక్కువే. అక్కడినుంచి గంటకు 150 కిలోమీటర్ల బంతి, మన వికెట్‌కీపర్ లాంటి క్యాచర్ గ్లవ్‌లో పడే చప్పుడు కింద వరసల్లో వినాల్సిందే, టీవీలో ఆ చప్పుడే వేరు. జెయింట్స్ ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ మూడో బేస్ వైపు ఉంటుంది, వాళ్ళను దగ్గరగా చూడాలంటే అటువైపు. కాకపోతే ఇక్కడో మోసం ఉంది. కింది అంతస్తు అని చెప్పి అమ్మే సీట్లలో బాగా వెనక వరసలు పై అంతస్తు చూరు కిందికి వస్తాయి. బంతి ఎత్తుకు లేచిందంటే ఎటు పోయిందో కనపడదు, పక్కవాళ్ళ మొహాలు చూసి తెలుసుకోవాలి. ఆ వరసలకు డబ్బు తగలేసేకన్నా, అంతకంటే తక్కువకి వచ్చే పై సీటు ఎన్నో రెట్లు నయం.

వ్యూ అంతస్తుకి నేను పక్షపాతిని, ముందే ఒప్పేసుకుంటున్నా. హోమ్ ప్లేట్ వెనక, వీలైతే కాస్త మొదటి బేస్ వైపు. ఎవరు ఏ బేస్ మీద ఉన్నారు, ఫీల్డర్లు ఎటు జరిగారు, కొట్టిన బంతి ఇద్దరి మధ్య ఎలా దూరింది, అన్నీ చదరంగం బల్ల మీద చూసినట్టు కనిపిస్తాయి. ఆట నియమాలు కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి చోటు లేదు. పైగా మొదటి బేస్ వైపు నుంచి చూస్తే ఎడమ ఫీల్డ్ మీదుగా బే బ్రిడ్జి, దాని కింద నీళ్ళు, పడవలు. ఆట చప్పగా సాగితే వాటిని చూస్తూ కూర్చోవచ్చు. చెడ్డవి రెండే: మెట్లు నిటారుగా ఉంటాయి, గాలి సూటిగా తగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళేటట్టయితే పై అంతస్తులోనే కింది వరసలు చూసి కొనండి.

ఇలాంటి పెద్దవాళ్ళకే క్లబ్ అంతస్తు. ఖరీదు ఎక్కువే. కానీ సీట్ల వెనక ఉన్న నడవా గోడలతో, కప్పుతో లోపలికి ఉంటుంది, చలి వేస్తే వెళ్ళి కాసేపు నిలబడి రావచ్చు. ఆ రోజు మూడో బేస్ పక్కన పెట్టిన డబ్బే ఇక్కడ పెట్టి ఉంటే నాన్న తొమ్మిది ఇన్నింగ్స్ చూసేవారు.

బ్లీచర్ల గురించి ఎక్కువ చెప్పను. కుర్రాళ్ళకు, గోల కావాలనుకునేవాళ్ళకు, హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) బంతి పట్టుకోవాలని గ్లవ్ తెచ్చుకునేవాళ్ళకు బాగుంటాయి. పెద్ద తెర సరిగ్గా వాళ్ళ వీపు వెనకే, సెంటర్ ఫీల్డ్ పైన ఉంటుంది, స్కోరు కావాలంటే మెడ తిప్పాలి. కుడి ఫీల్డ్ గోడ మాత్రం చూసి తీరాలి. జెయింట్స్ దిగ్గజం విల్లీ మేస్ జెర్సీ నంబరు 24 కాబట్టి ఆ గోడ ఎత్తు 24 అడుగులు, మూలన హోమ్ ప్లేట్ నుంచి దూరం 309 అడుగులే. గోడ అవతల సముద్రపు పాయ, మెకోవీ కోవ్. బంతి దాటి నీళ్ళలో పడుతుందేమోనని కయాక్‌లలో తెడ్లు పట్టుకుని కాసుకు కూర్చుంటారు. జెయింట్స్ బ్యాటర్ బారీ బాండ్స్ ఒక్కడే అలా 35 సార్లు నీళ్ళలోకి కొట్టాడు. ఆ గోడలోని కమానుల దగ్గర బయటి నుంచి, టికెట్ లేకుండానే నిలబడి కొన్ని ఇన్నింగ్స్ చూడనిస్తారు. బేస్‌బాల్ మనకు పడుతుందో లేదో తెలియనివాళ్ళు ముందు అక్కడ నిలబడి చూడొచ్చు, పోయేదేం లేదు.

ధరల సంగతి: జెయింట్స్ టికెట్ ధర విమానం టికెట్టులా రోజుని బట్టి, ఎదుటి జట్టుని బట్టి మారుతుంది. చిరకాల ప్రత్యర్థి డాడ్జర్స్ వచ్చిన శనివారం పై వరస సీటుకి పెట్టే డబ్బుతో, మామూలు మంగళవారం కింద కూర్చోవచ్చు. సొంత గడ్డ మీద సీజన్‌కి 81 ఆటలుంటాయి, తొందరేం లేదు.

ఇప్పుడు ప్రయాణం. శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన ఉన్న సన్నీవేల్, మౌంటెన్ వ్యూ, శాంటా క్లారా, శాన్ హోసే వాళ్ళకు చర్చే అనవసరం, కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైలు. 2024 సెప్టెంబరులో కరెంటు రైళ్ళు వచ్చాక ప్రయాణ సమయం బాగా తగ్గింది, వారపు రోజుల్లో ఎక్స్‌ప్రెస్ దొరికితే శాన్ హోసే నుంచి గంట లోపే. వారాంతాల్లో అరగంటకో రైలు. చివరి స్టేషన్ నుంచి స్టేడియంకి పది నిమిషాల నడక. దారి అడగక్కర్లేదు, నారింజ, నలుపు జెర్సీల వెనక నడిస్తే చాలు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటి, ఛార్జీ కట్టే క్లిప్పర్ కార్డు ఎక్కేటప్పుడే కాదు, దిగాక కూడా తాకించాలి. మరిచిపోతే ఎక్కువ ఛార్జీ పడుతుంది. గెలిచిన ఉత్సాహంలో మరిచిపోయేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

బేకి (అఖాతానికి) తూర్పు ఒడ్డున ఉన్న ఫ్రీమాంట్ వాళ్ళకు వ్యవహారం ఇంత సులువు కాదు. ఒకప్పుడు వాళ్ళకూ ఒక అదృష్టం ఉండేది. ఓక్లండ్‌లో ఏ'స్ జట్టు ఆడే రోజుల్లో బార్ట్ (ఇక్కడి మెట్రో రైలు) దిగి పాదచారుల వంతెన దాటితే ఎదురుగా స్టేడియమే. 2024తో ఆ జట్టు ఓక్లండ్ వదిలి వెళ్ళిపోయింది, ఇప్పుడు వెస్ట్ శాక్రమెంటోలో ఆడుతోంది. కాబట్టి ఇక బేస్‌బాల్ అంటే నీళ్ళు దాటి వెళ్ళాల్సిందే.

ఫ్రీమాంట్ నుంచి బార్ట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎంబార్కడెరో స్టేషన్ దాకా ముప్పావు గంట పైనే. ఫ్రీమాంట్ స్టేషన్‌లో మధ్యాహ్నం మూడు దాటాక పార్కింగ్ రుసుము ఉండదు, రాత్రి ఆటకు అది కలిసొస్తుంది. ఎంబార్కడెరోలో, ఊళ్ళో తిరిగే మ్యూనీ ట్రాముల్లో 'ఎన్' బండి ఎక్కితే స్టేడియం ముందే దింపుతుంది. ఆట రోజు అందులో ఊపిరి ఆడదు. బదులుగా పావెల్‌లో దిగి, భూగర్భంలోనే నడిచి 'టి' బండి అందుకోవచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లలకు మ్యూనీ ఉచితం. నన్నడిగితే వెళ్ళేటప్పుడు బండి, వచ్చేటప్పుడు నడక. నీటి ఒడ్డున పాతిక నిమిషాలు, పక్కన వంతెన దీపాలు. అదే సమయం 'ఎన్' కోసం వరసలో నిలబడినా పడుతుంది.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణంలో ఉంది. పగలు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఫ్రీమాంట్‌కు నేరుగా వచ్చే బార్ట్ ఆకుపచ్చ లైను రాత్రి సుమారు తొమ్మిదికి ఆగిపోతుంది. రాత్రి ఆట ముగిసేది కూడా దాదాపు అప్పుడే: బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆటలు సగటున రెండు గంటల నలభై నిమిషాల చుట్టుపక్కల ముగుస్తున్నాయి, అంటే 6:45 ఆట తొమ్మిదిన్నరకు. అప్పుడు నీలం లైను ఎక్కి, బే ఫెయిర్‌లో దిగి, నారింజ లైను అందుకోవాలి. ఇది తెలియక ప్లాట్‌ఫాం మీద ఆకుపచ్చ రైలు కోసం ఎదురుచూస్తూ కూర్చునే కుటుంబాలు ఎప్పుడూ కనిపిస్తాయి. నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని రైలు మారడం ఎలా ఉంటుందో వాళ్ళనే అడగండి. ఫ్రీమాంట్ వాళ్ళకు అందుకే చెప్తాను, పగటి ఆట కొనుక్కోండి. ఆకుపచ్చ రైలు ఎక్కి సుఖంగా కునుకు తీస్తూ ఇంటికి రావచ్చు.

పడవ కూడా ఉంది. ఓక్లండ్, అలమేడాల నుంచి, ఉత్తరాన లార్క్‌స్పర్ నుంచి ఆట రోజుల్లో నేరుగా స్టేడియం పక్కనే దించుతుంది. టికెట్ ముందే కొనుక్కోవాలి. ఖర్చు, సమయం లెక్కేస్తే శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన ఉండే మనలాంటివాళ్ళకు గిట్టదు. అయితే ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒకసారి ఓక్లండ్ దాకా కారులో వెళ్ళి పడవ ఎక్కించండి. బేస్‌బాల్ గుర్తుండకపోయినా పడవ గుర్తుంటుంది.

కారులో నేరుగా వెళ్తామంటారా, తూర్పు వైపు నుంచి ఏ వంతెన ఎక్కినా టోల్, అక్కడ పార్కింగ్ ధర టికెట్టుతో పోటీ, ఆట అయ్యాక వేల కార్లు ఒకేసారి బయటికి. పసిపిల్లలున్నవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పను.

ఇక సీటుని ప్రయాణంతో కలిపి చూస్తే నా లెక్క ఇదీ. ఆట మధ్యలో లేచి రైలుకి వెళ్ళాల్సినవాళ్ళు వ్యూ అంతస్తులో వరస చివరి సీట్లు కొనాలి, లేచి పోయినా మనసు చివుక్కుమనదు. చివరి బంతి దాకా ఉండగలిగిన రోజున కింద కూర్చోవాలి, అదీ చూరు కిందికి పోని వరసల్లో. పెద్దవాళ్ళతో రాత్రి ఆటకు తప్పనిసరైతే క్లబ్. లేదంటే పగటి ఆట, ఎండలో, వ్యూ అంతస్తు. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, అమ్మ ఉంటే పులిహోర డబ్బా బ్యాగులో పడుతుంది. వెల్లుల్లి వేసిన ఫ్రెంచ్ ఫ్రైస్ మాత్రం అక్కడే కొనండి. రైలు డబ్బా మొత్తానికి తెలుస్తుంది మీరేం తిన్నారో.

నాన్న మళ్ళీ వస్తున్నారు. ఈసారి 12:45 ఆట, మేడ మీద సీట్లు, మౌంటెన్ వ్యూ నుంచి కాల్‌ట్రెయిన్. రైలు కూడా రెండంతస్తులని చెప్తే "అందులోనూ పైనే కూర్చుందాం" అన్నారు. మే నెల ఒంగోలులో ఏ కొట్లో దొరికిందో గానీ, స్వెట్టర్ కొని పెట్టెలో సర్దేశారట.