సంక్రాంతికి అత్తారింటికి వెయిట్ మెషిన్ పట్టుకెళ్ళా: 5కి మూడున్నర ఇస్తా

గాజు పలక ఉండే మామూలు డిజిటల్ వెయిట్ మెషిన్ ఇది, 180 కిలోల దాకా తూస్తుంది, 100 గ్రాములు పెరిగినా తగ్గినా చూపిస్తుంది, ఆన్‌లైన్లో 849 పడింది. కంపెనీ పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ఎందుకు కొన్నానంటే పోయిన సంక్రాంతి దెబ్బకి. మా అత్తారిది అమలాపురం దగ్గర పల్లెటూరు, అక్కడ అల్లుడికి వడ్డించడం అంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వద్దు అని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే నెయ్యి పోసేస్తారు. అయిదు రోజులుండి హైదరాబాద్ వచ్చాక ఆఫీసు ప్యాంటు హుక్కు పట్టలేదు, లాండ్రీలో ఉతికినప్పుడు కుంచించుకుపోయిందేమో అనుకుని రెండు వారాలు వాళ్ళనే తిట్టుకున్నా. తర్వాత మెడికల్ షాపు బయట మిషన్ ఎక్కితే రెండున్నర కిలోలు పెరిగా. అందుకే ఈసారి బట్టల బ్యాగులో అడుగున మెషిన్ పెట్టుకుని బస్సెక్కా.

నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు ఇది. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ట్రయల్ వచ్చింది, బర్మింగ్‌హామ్‌లో 272 మందిని రెండు గుంపులు చేసి, క్రిస్మస్ సీజన్లో ఒక గుంపుని వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకోమన్నారు, ఫలానాది తింటే కరగడానికి ఎంతసేపు నడవాలో ఒక పట్టీ కూడా ఇచ్చారు. సీజన్ అయ్యేసరికి రెండు గుంపులకీ తేడా దాదాపు అర కిలో. అరకిలోయేనా అనకండి, ఏటా పండక్కి పెరిగింది తగ్గకుండా పేరుకుంటూ పోతే పదేళ్ళకి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

సరే, మెషిన్ సంగతి. మా అత్తారిల్లు పాతది, కింద నాపరాళ్ళు, ఎగుడుదిగుడు. వెళ్ళగానే వంటింటి గుమ్మం దగ్గర ఎక్కితే 82.6, అదే నిమిషంలో వసారాలో ఎక్కితే 80.9! ఇది చూసి ఇంట్లో అందరూ ఒక్కొక్కరూ వచ్చి ఏ రాయి మీద తక్కువ చూపిస్తుందో వెతుక్కోవడం మొదలెట్టారు, మా తోడల్లుడు గారైతే తులసికోట పక్క రాయి తనకి రిజర్వ్ అన్నారు. మా అత్తగారు ఒకటే నవ్వు, "మా ఊళ్ళో పండక్కి తూసేది పుంజుల్నేనండి అల్లుడు గారూ, మనుషుల్ని కాదు" అని. చివరికి హాల్లో కొత్తగా టైల్స్ వేసిన మూల చూసి, మా మరదలు ముగ్గు పిండితో నాలుగు వైపులా గీత గీసింది, అక్కడే పెట్టి రోజూ పొద్దున్నే కాఫీకి ముందు ఎక్కా. అలా చేస్తే మాత్రం నమ్మచ్చు, మూడుసార్లు ఎక్కి దిగినా అదే అంకె. పరుపు మీదా కార్పెట్ మీదా పెట్టి తప్పు చూపిస్తోందని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ళు ఇది గమనించండి.

ఇప్పుడు అంకెలు. భోగి పొద్దున 81.4. ఆ రోజు పులిహోర, బొబ్బట్లు, జంతికలు, మర్నాడు పెద్ద పండగ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా నోరు ఆడుతూనే ఉంది. కనుమ పొద్దున ఎక్కితే 83.3. నాకు నిజంగా కాళ్ళు వణికాయి. తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే, ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు, అంటే దాదాపు రెండు కిలోల కొవ్వు పెరగాలంటే నేను రోజూ తినేది కాకుండా పైన ఇంకో 15,000 క్యాలరీలు తిని ఉండాలి, మా అత్తగారు ఎంత వడ్డించినా రెండు రోజుల్లో అంత సీన్ లేదు. అందులో ఎక్కువ భాగం నీళ్ళే, జంతికల్లో ఉప్పు, అన్నం, బెల్లం ఇవన్నీ ఒంట్లో నీటిని పట్టి ఉంచుతాయి. ఇది తెలియకపోతే మనిషి "ఎలాగూ పోయింది కదా" అని ఇంకో రెండు అరిసెలు లాగిస్తాడు, అక్కడే అసలు దెబ్బ.

అరిసెలంటే గుర్తొచ్చింది. పాకం పిండి నూనెలోంచి తీశాక రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కుతారు కదా, ఈసారి ఆ నొక్కే పని నేనే తీసుకున్నా. చెక్క మీద బరువంతా వేసి నొక్కుతుంటే అంచుల వెంట నూనె జారి గిన్నెలోకి, ఒక వాయికే గిన్నె అడుగంతా నిండింది. ఒక పెద్ద స్పూను నూనె 14 గ్రాములు, అంటే 120 క్యాలరీలు పైనే. ఆ గిన్నె చూశాక నేను రోజుకి ఒక్క అరిసెతో ఆగా, మెషిన్ కన్నా ఆ గిన్నే ఎక్కువ పని చేసిందేమో. కనుమ రోజు మాత్రం నాటుకోడి, గారెల దగ్గర ఏ రూలూ పెట్టుకోలేదు, పొద్దున కాలవ గట్టు మీద గంట నడిచొచ్చి కూర్చున్నా, అంతే.

ఇక తిట్లు. యాప్ పెట్టుకుంటే ఒంట్లో కొవ్వు శాతం చెప్తానంటుంది, పొద్దున 29, సాయంత్రం 24, ఒక్క పూటలో అయిదు శాతం కొవ్వు ఎక్కడికి పోతుంది బాబూ? పాదాల్లోంచి సన్నగా కరెంట్ పంపి అంచనా వేస్తుంది, ఒంట్లో నీళ్ళు మారితే అంకె మారిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అసలు ఎక్కకూడదు, ఆ మాట మాన్యువల్లో చివరి పేజీలో చీమంత అక్షరాల్లో వేశారు. ఆ యాప్ ఫోన్ నంబర్ అడిగింది, ఇచ్చిన మర్నాటి నుంచీ ప్రోటీన్ పౌడర్ మెసేజీలు, తీసేశా.

కిలోల నుంచి పౌండ్లకి మార్చే బటన్ అడుగున ఉంది, పిల్లలు మెషిన్ ఎత్తినప్పుడు నొక్కేశారు. మా తోడల్లుడు గారు పూతరేకు చేత్తో పట్టుకుని ఎక్కితే 198.4! ఆయన పూతరేకు పక్కన పెట్టేసి "నిన్న 90 అండీ, నిన్న 90 అండీ" అంటూ తిరిగారు పాపం, పావుగంట తర్వాత గానీ సంగతి తెలియలేదు.

ఇంకో మాట, మా మరదలు అంకె చూసి ఒక రాత్రి అన్నం మానేసింది. అది నచ్చక మెషిన్ తీసి మంచం కిందకి తోసేశా, పొద్దున నేనొక్కణ్ణే తీసుకుని వాడుకున్నా. అంకె చూసి బెంగపెట్టుకునే వాళ్ళున్న ఇంట్లో హాల్లో మాత్రం పెట్టకండి.

హైదరాబాద్ వచ్చిన వారానికి 81.8. అంటే పండగ ఖర్చు 400 గ్రాములు, పోయినేడు రెండున్నర కిలోలు. పెట్టిన 849కి నాకు గిట్టుబాటే. సెల్లులు మాత్రం బయల్దేరే ముందే కొత్తవి కొనుక్కోండి, నావి సరిగ్గా కనుమ సాయంత్రం అయిపోయాయి, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మా ఊళ్ళో ఉన్న ఒక్క కిరాణా కొట్టూ తియ్యలేదు, చివరికి టీవీ రిమోట్ సెల్లులు పీకి పెట్టుకున్నా, ఆ రాత్రంతా మామగారు లేచి వెళ్ళి ఛానల్ మార్చుకున్నారు.