తొమ్మిదేళ్లలో మూడు డాక్‌స్ట్రింగ్ శైలులు: నేను గూగుల్ స్టైల్ దగ్గర ఎందుకు ఆగానంటే

పైథాన్ కోడ్ రాయడం నా రోజువారీ పని. తొమ్మిదేళ్లలో మూడు ప్రాజెక్టులు మారాను. ఒక్కో చోట ఒక్కో డాక్‌స్ట్రింగ్ శైలి. ఫంక్షన్ ఏం చేస్తుందో దాని మొదట్లోనే రాసే వివరణే డాక్‌స్ట్రింగ్. మొదట స్ఫింక్స్ (డాక్‌స్ట్రింగ్‌లను వెబ్ పేజీలుగా మార్చే టూల్) శైలి, తర్వాత నంపై (లెక్కల లైబ్రరీ) శైలి, గత నాలుగేళ్లుగా గూగుల్ స్టైల్.

మూడింటికీ పునాది పెప్ 257, పైథాన్ అధికారిక పత్రాల్లో ఒకటి. డేవిడ్ గుడ్జర్, గైడో వాన్ రోసమ్ కలిసి 2001లో రాసిన చిన్న పత్రం అది. మూడేసి డబుల్ కోట్లు, మొదటి లైన్లో ఒక్క వాక్యం, చివర ఫుల్‌స్టాప్, తర్వాత ఖాళీ లైన్, ఆపైన వివరం. ఆ మొదటి వాక్యం ఆజ్ఞలా ఉండాలంటుంది: ‘లెక్కిస్తుంది’ అని రాయకూడదు, ‘లెక్కించు’ అని రాయాలి. ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కి ఇచ్చే విలువల) గురించి రాయమంటుంది గానీ ఏ రూపంలో రాయాలో చెప్పదు. ఇన్ని శైలులు పుట్టింది అక్కడే.

స్ఫింక్స్ శైలిలో ప్రతి ఆర్గ్యుమెంట్ ముందూ వెనకా కోలన్లు పెట్టాలి, దాని టైప్‌కి (అంకె, అక్షరాలు లాంటి రకానికి) ఇంకో లైన్. రెండూ ఒకే లైన్లో కలిపే పద్ధతీ ఉంది, మా టీమ్ మాత్రం విడివిడిగానే రాసేది. ఆరు ఆర్గ్యుమెంట్లుంటే పన్నెండు లైన్లు. వెబ్ పేజీగా మారాక చక్కగా కనిపించేది. కానీ నేను రోజంతా చూసేది ఎడిటర్‌లో, అక్కడ ఆ కోలన్ల మధ్య విషయం వెతుక్కోవాల్సి వచ్చేది.

నంపై శైలి మీద నాకు ఇప్పటికీ ఇష్టం ఉంది. శీర్షిక, దాని కింద గీతల వరుస, ఆర్గ్యుమెంట్ పేరు పక్కనే టైప్, కింది లైన్లో వివరణ. అర్రేలో (అంకెల పట్టికలో) ఎన్ని వరుసలు, ఎన్ని నిలువులు అన్నది రాయడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. మూడు లైన్ల ఫంక్షన్‌కి ఇరవై లైన్ల డాక్‌స్ట్రింగ్ రాయాల్సి వచ్చినప్పుడే విసుగొచ్చేది.

గూగుల్ స్టైల్‌లో ఆర్గ్స్ (ఇచ్చేవి), రిటర్న్స్ (తిరిగొచ్చేవి), రెయిజెస్ (వచ్చే ఎర్రర్లు) అనే మూడు మాటలు, కొంచెం ఇండెంట్, అంతే. మామూలు నోట్సు చదివినట్టు చదువుకుంటూ పోవచ్చు. స్ఫింక్స్‌తోనే వచ్చే నెపోలియన్ అనే ఎక్స్‌టెన్షన్‌ని ఆన్ చేస్తే వెబ్ పేజీలు కూడా తయారవుతాయి. అది నంపై శైలిని కూడా చదువుతుంది కాబట్టి లెక్కల మాడ్యూల్‌ని పాత శైలిలోనే ఉంచేశాం. మొదటి వాక్యం విషయంలో గూగుల్ వాళ్లు పట్టు సడలించారు, ఆజ్ఞలా రాసినా వర్ణనలా రాసినా సరే, ఒక ఫైల్‌లో ఒకటే పద్ధతి ఉండాలి. నచ్చనిదల్లా రిటర్న్స్ భాగం. ఫంక్షన్ రెండు మూడు విలువలు కలిపి ఇస్తే, వాటిని ఒక వాక్యంలో ఇరికించి చెప్పాలి. నంపైలో ఒక్కోదానికి పేరు పెట్టి విడిగా రాసుకోవచ్చు.

టైప్ హింట్లు (ఏ ఆర్గ్యుమెంట్ ఏ టైపో కోడ్‌లోనే రాసే పద్ధతి) వచ్చాక టైప్‌లన్నీ ఫంక్షన్ మొదటి లైన్లోకి వెళ్లిపోయాయి, డాక్‌స్ట్రింగ్ సగానికి తగ్గింది. కానీ టైప్ హింట్ కొలమానం (రూపాయలా, పైసలా అన్నది) చెప్పదు. ఆ పాఠం నాకు గట్టిగానే తగిలింది. రిఫండ్ రిక్వెస్ట్ తయారుచేసే ఫంక్షన్ ఒకటి నేను రాశాను. రూపాయల్లో మొత్తం తీసుకుని, లోపల వందతో గుణించి, పేమెంట్ గేట్‌వేకి పైసల్లో పంపేది. డాక్‌స్ట్రింగ్‌లో ‘రూపాయల్లో’ అని రాసి ఉంది. కొన్నాళ్లకు ఎవరో ఆ గుణకారం తీసేసి, నేరుగా పైసలు తీసుకునేలా మార్చారు. డాక్‌స్ట్రింగ్ ముట్టుకోలేదు. ఇంకో టీమ్ అది చదివి, నమ్మి, 450 పంపింది. కస్టమర్‌కి వెళ్లింది నాలుగున్నర రూపాయలు. రెండు చోట్లా టైప్ ఇంటిజరే, కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే లింటర్‌కి ఏ తప్పూ కనపడలేదు. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

అప్పటి నుంచి రెండు అలవాట్లు. కొలమానాన్ని ఆర్గ్యుమెంట్ పేరులోనే పెడతాను. డబ్బు, సమయం, బరువు ఉన్న ప్రతి ఫంక్షన్‌లోనూ మూడు బాణాల గుర్తుతో ఒక ఉదాహరణ రాసి, డాక్‌స్ట్రింగ్‌లోని ఉదాహరణలను నడిపి జవాబు సరిచూసే డాక్‌టెస్ట్‌తో ప్రతి బిల్డ్‌లో నడిపిస్తాను. 450 ఇస్తే 45000 రావాలని ఆరోజు రాసి ఉంటే, గుణకారం తీసిన క్షణంలోనే బిల్డ్ ఆగిపోయేది. లింటర్‌గా రఫ్ వాడుతున్నాం, గూగుల్ పద్ధతి ఎంచుకుంటే వర్ణించకుండా వదిలేసిన ఆర్గ్యుమెంట్‌ని పట్టిస్తుంది. రాసినది నిజమా కాదా అన్నది డాక్‌టెస్టే చూడాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. అవతలివాళ్లకు మీ భాష వచ్చని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప కామెంట్లు ఇంగ్లీషులోనే రాయమంటుంది పైథాన్ కోడ్ శైలి పత్రం పెప్ 8. మా టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లం, అయినా ఇంగ్లీషులోనే రాస్తాం. అయితే కొత్తగా చేరినవాళ్లు మొదటి లైన్ దగ్గరే ఆగిపోతుంటారు. ముందు తెలుగులో చెప్పమంటాను. పోయిన వారం ఒకమ్మాయి తన ఫంక్షన్ గురించి, ‘ఆర్డర్ తీసుకుని, స్టాక్ చూసి, బిల్లు వేసి, మెయిల్ పంపుతుందండీ’ అని, తనే ఒక్క క్షణం ఆగి స్క్రీన్ వైపు చూసింది. మధ్యాహ్నానికి అది నాలుగు ఫంక్షన్లయింది, నాలుగింటికీ మొదటి లైన్ ఇట్టే వచ్చేసింది.