పరిశోధన కేంద్రాలను రప్పించాలంటే ఏది మేలు: పన్ను రాయితీనా, కట్టిచ్చిన ల్యాబా, మనుషులా?

పెద్ద కంపెనీ ఏదో కొత్త ఆర్ అండ్ డీ సెంటర్ పెట్టే ఆలోచనలో ఉందని తెలిస్తే చాలు, అరడజను దేశాలు దాని చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. ఒకరు పన్ను తగ్గిస్తామంటారు, ఇంకొకరు ల్యాబ్ కట్టి తాళాలు చేతికిస్తామంటారు, మరొకరు మా దగ్గర ఇంజనీర్లకు కొదవే లేదు వచ్చేయండి అంటారు. ఫ్యాక్టరీ అయితే ఒకసారి యంత్రాలు బిగించాక అంత తేలిగ్గా కదలదు. పరిశోధన కేంద్రంలో ఉండేది ముఖ్యంగా మనుషులు కాబట్టి, హెడ్ ఆఫీసులో ఎవరికో మనసు మారితే బోర్డు తిప్పేయడం పెద్ద పనేం కాదు. అందుకే ఏ దేశం ఎన్ని సెంటర్లు రప్పించిందన్న లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు, వచ్చినవాళ్లు ఎన్నాళ్లు ఉన్నారు, పోతే వెనక ఏం మిగిలింది అన్నది కూడా చూడాలి. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తా, మనుషులకే. అలాగని మిగతా రెండూ దండగ అనను.

ముందు పన్ను సంగతి. ఈ ఆటలో ఆరితేరింది ఐర్లండ్. 2004లో ఆర్ అండ్ డీ ట్యాక్స్ క్రెడిట్ (పరిశోధన ఖర్చులో కొంత శాతాన్ని కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గించడం) తెచ్చింది, 2024 నుంచి దాన్ని 30 శాతం, 2026 నుంచి 35 శాతం చేసింది. కాగితం మీద లెక్క వేస్తే దాని బలం తెలుస్తుంది: కంపెనీ పరిశోధన మీద 100 యూరోలు ఖర్చు పెట్టిందనుకోండి, మామూలు ఖర్చులాగే అది లాభంలోంచి తీసేస్తారు కాబట్టి 12.5 శాతం పన్ను రేటు చొప్పున 12.5 యూరోలు ఆదా, దానిపైన 35 యూరోల క్రెడిట్, మొత్తం 47.5. అంటే జేబులోంచి నిజంగా పోయేది 52.5 యూరోలే. లాభాలే లేని కంపెనీకైనా ఆ 35 చేతికొస్తుంది, కాకపోతే మూడేళ్లలో మూడు విడతలుగా.

ఫ్రాన్స్ 30 శాతం ఇస్తుంది కానీ ఒక మెలిక ఉంది. 10 కోట్ల యూరోల ఖర్చు వరకే 30, ఆ పైన 5 శాతం. 15 కోట్లు ఖర్చు పెట్టే కంపెనీకి మొదటి 10 కోట్ల మీద 3 కోట్లు వస్తే, మిగతా 5 కోట్ల మీద వచ్చేది పాతిక లక్షలు. పరిమితి దాటిపోయిన పెద్ద కంపెనీ ఇంకో వంద మందిని అక్కడే తీసుకోవాలా, వేరే దేశంలో తీసుకోవాలా అని ఆలోచించేటప్పుడు దాని కంటికి కనిపించేది ఆ 5 శాతమే. ప్రకటనలో 30 అని పెద్దక్షరాలతో ఉంటుంది, నిర్ణయం జరిగేది 5 దగ్గర.

పన్ను మీద ఆధారపడటంలో అసలు తంటా ఏమిటంటే, దాన్ని ఎవరైనా కాపీ కొట్టొచ్చు. 2021లో 130కి పైగా దేశాలు కలిసి, 75 కోట్ల యూరోలు దాటిన టర్నోవర్ ఉన్న బహుళజాతి గ్రూపులకు కనీసం 15 శాతం పన్ను ఉండాలని ఒప్పుకున్నాయి. దాంతో పోటీ ఆగిపోయిందా? లేదు, రూపం మార్చుకుంది. ఆ నిబంధనల ప్రకారం నగదుగా తిరిగిచ్చే క్రెడిట్‌ను పన్ను తగ్గింపుగా కాకుండా ఆదాయంగా లెక్కేస్తారు, కాబట్టి కంపెనీకి దెబ్బ తక్కువ. ఇంకేం, చాలా దేశాల చూపు అటు తిరిగింది. సింగపూర్ కూడా 2024 బడ్జెట్‌లో నగదుగా తిరిగొచ్చే పెట్టుబడి క్రెడిట్ ప్రకటించింది. ఇలా అందరి దుకాణాల్లోనూ ఒకే సరుకు చేరాక కొనేవాడు చూసేది వేరే ఏదో కదా.

రాయితీ లేకుండా ఏమవుతుందో చూడాలంటే ఇండియా కన్నా మంచి ఉదాహరణ దొరకదు. సాఫ్ట్‌వేర్ పార్కుల్లోని యూనిట్లకున్న పన్ను సెలవు 2011 మార్చితో అయిపోయింది. ప్రధానంగా తయారీ, బయోటెక్ కంపెనీల సొంత పరిశోధనకు ఇచ్చే 200 శాతం మినహాయింపును (వంద ఖర్చు పెడితే లాభంలోంచి రెండొందలు తీసేయనివ్వడం) మొదట 150కి, 2020 నుంచి మామూలు 100కి తెచ్చేశారు. ఈ లెక్కన సెంటర్లు తగ్గాలి. కానీ ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, సలహా సంస్థ జిన్నోవ్ 2024 లెక్కల్లో విదేశీ కంపెనీలు తమ పనుల కోసమే ఇక్కడ నడిపే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు 1,700 దాటాయి, వాటిలో పనిచేసేవాళ్లు సుమారు 19 లక్షలు. వీటిలో అకౌంట్లు చూసేవి, ఐటీ సపోర్ట్ ఇచ్చేవి బోలెడు ఉన్నాయి, అన్నిటినీ పరిశోధన ఖాతాలో వేయడం అతి. అయినా 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరుకు వచ్చినప్పటి నుంచి చిప్ డిజైన్ పని అక్కడ పెరుగుతూనే ఉందంటే కారణం పన్ను మాత్రం కాదు.

ఇక కట్టిచ్చే పద్ధతి. దీనికి సింగపూర్‌ని మించినవాళ్లు లేరు. 2003లో బయోపోలిస్ అనే జీవవైద్య పరిశోధన సముదాయం తెరిచింది, ప్రభుత్వ సంస్థలూ కంపెనీల ల్యాబ్‌లూ పక్కపక్క భవనాల్లో. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, పేటెంట్‌కు గట్టి రక్షణ. డెంగీ, క్షయ, మలేరియా మీద పనిచేయడానికి మందుల కంపెనీ నోవార్టిస్ పెట్టిన సంస్థ అక్కడే ఉండేది, మంచి పనే చేసింది, మలేరియాకు మందు కాగల ఒక కొత్త పదార్థాన్ని కూడా కనిపెట్టింది. 2016లో కంపెనీ దాన్ని కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌కు, తమ మిగతా పరిశోధకుల దగ్గరికి తరలిస్తున్నట్టు ప్రకటించింది. సింగపూర్ తప్పు ఇందులో వెతికినా దొరకదు. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, భవనం ఎంత బాగున్నా పక్క గదిలో ఎవరున్నారన్నదే తేలుస్తుంది.

అదే నోవార్టిస్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. స్విట్జర్లాండ్ కంపెనీ, బాసెల్ దాని సొంత ఊరు. అయినా 2002లో పరిశోధన విభాగం ప్రధాన కార్యాలయాన్ని అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్, ఎంఐటీల పక్కన పెట్టింది. మరి స్విట్జర్లాండ్ ఖాళీ అయిందా అంటే అదీ లేదు. ప్రపంచంలోనే జీతాలు ఎక్కువుండే చోట్లలో జ్యూరిక్ ఒకటి, ఐనా గూగుల్ 2004 నుంచి అక్కడ ఇంజనీరింగ్ సెంటర్ నడుపుతోంది, ఎందుకంటే పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఈటీహెచ్ అక్కడుంది. ఐబీఎం అయితే 1956లోనే వచ్చింది. జ్యూరిక్ పక్కన రూష్లికాన్ అనే చిన్న ఊళ్లోని దాని ల్యాబ్‌లో బినిగ్, రోరర్ పరమాణువులను చూపించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ చేసి 1986లో నోబెల్ అందుకుంటే, మరుసటి ఏడాదే బెడ్‌నార్జ్, ముల్లర్ అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్లకు (కరెంటును నష్టం లేకుండా మోసే పదార్థాలు) ఇంకోటి అందుకున్నారు. ఒకే ల్యాబ్, వరసగా రెండేళ్లు! ఇలాంటిదాన్ని రాయితీ ఇచ్చి కొనలేం.

మనుషులు ఉంటే ఏమవుతుందో ఇజ్రాయెల్ మరీ బాగా చూపిస్తుంది. 1974లో ఇంటెల్ తన మొదటి విదేశీ డిజైన్ సెంటర్‌ను హైఫాలో పెట్టడానికి కారణం ఒక మనిషి. చెరిపి మళ్లీ రాయగలిగే ఈప్రామ్ మెమరీ చిప్ కనిపెట్టిన డవ్ ఫ్రోమన్ స్వదేశానికి వెళ్లిపోతానన్నాడు, కంపెనీ ఆయన్ని వదులుకోవడం ఇష్టంలేక సెంటరే ఆయన వెంట పంపింది. 2003లో వచ్చిన పెంటియం ఎం చిప్ డిజైన్ అక్కడిదే, ల్యాప్‌టాప్‌ల దారే మార్చింది. ఆ దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 6 శాతం పైన, ఇండియాది 0.6 శాతం చుట్టుపక్కల. ఇండియాకు మనుషుల సంఖ్య ఉంది, వాళ్లకు పైస్థాయి పరిశోధన నేర్పే చోట్లు తక్కువ, ఇది నాకు మింగుడుపడని విషయం.

వెనక ఏం మిగులుతుందన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. విదేశీ సెంటర్లలో చాలావాటి ఒప్పందం ఎలా ఉంటుందంటే, ఖర్చంతా మాతృసంస్థ ఇస్తుంది, దానిమీద కొంత శాతం మార్జిన్ కలుపుతుంది, స్థానికంగా పన్ను ఆ మార్జిన్ మీదే పడుతుంది, పేటెంట్ మాత్రం మాతృసంస్థ పేరున ఉంటుంది. అంటే సెంటర్ ఉన్న దేశానికి మిగిలేది జీతాలు, పని నేర్చిన మనుషులు. ఫ్రాన్స్‌కి అదే కలిసొచ్చింది. ఫేస్‌బుక్ 2015లో పారిస్‌లో ఏఐ ల్యాబ్ పెట్టింది, 2023లో అక్కడే మొదలైన ఏఐ కంపెనీ మిస్ట్రల్ స్థాపకులు ముగ్గురిలో ఇద్దరు మెటా (ఫేస్‌బుక్ కొత్త పేరు) నుంచి, ఒకరు గూగుల్ వాళ్ల డీప్‌మైండ్ నుంచి వచ్చినవాళ్లు. ట్యాక్స్ క్రెడిట్ మీద పెట్టిన డబ్బుకు ఇంతకన్నా మంచి వడ్డీ నేనెక్కడా చూడలేదు.

సొంత మనుషులు చాలని దేశం ఏం చేయాలి? వీసా. ఇది చవకైన ఆయుధం, ఎందుకో చాలామంది పట్టించుకోరు. 2007లో మైక్రోసాఫ్ట్ కెనడాలోని వాంకూవర్ దగ్గర సెంటర్ ప్రకటించినప్పుడు అమెరికా వీసాలు దొరకని ఉద్యోగుల్ని అక్కడ పెట్టుకోవచ్చని బాహాటంగానే చెప్పింది. అమెరికా ఇప్పటికీ రెండు చేతులతో రెండు వైపులా లాగుతోంది. విదేశాల్లో చేసే పరిశోధన ఖర్చును ఒకేసారి కాకుండా 15 ఏళ్లలో విడగొట్టి చూపించమనే నిబంధన 2022 నుంచి పెట్టి పని ఇంట్లోనే ఉంచమంటుంది, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వేసి మనుషుల్ని బయటే ఉండమంటుంది.

నన్నడిగితే వరస ఇది: ముందు యూనివర్సిటీలు, వెంటనే వీసా, ఈ రెండూ సమానంగా ఉన్న చోట పన్ను క్రెడిట్, అదీ నగదుగా ఇచ్చేదైతేనే, భవనాలు అన్నిటికన్నా చివర.

మందుల రంగంలో మాత్రం ఈ వరస తప్పుతుంది. బ్రిటన్‌కు ఏం తక్కువ? పేరున్న యూనివర్సిటీలు, 2013లో తెచ్చిన పథకం కింద పేటెంట్ ఆదాయం మీద 10 శాతమే పన్ను. ఐనా 2025 సెప్టెంబరులో అమెరికా మందుల కంపెనీ ఎంఎస్‌డీ (మెర్క్) లండన్‌లో 100 కోట్ల పౌండ్ల పరిశోధన కేంద్రం ఆలోచన మానుకుంది. కొత్త మందులకు బ్రిటన్ ఇచ్చే విలువ చాలడం లేదన్నది దాని ఫిర్యాదు. అదే ఏడాది మార్చిలో ఆస్ట్రాజెనెకా బీజింగ్‌లో 250 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది, అంతకుముందు ఏడాదే ఐబీఎం తన చైనా పరిశోధన విభాగాన్ని మూసేసి వెయ్యి మందికి పైగా ఉద్యోగుల్ని ఇంటికి పంపింది. మందుల కంపెనీకి చైనాలో రోగులు, ఆసుపత్రులు, క్లినికల్ ట్రయల్స్ వేగం కావాలి, కంప్యూటర్ కంపెనీకి చిప్ ఆంక్షల టెన్షన్ ఉంది. కాబట్టి మందుల సెంటర్ కోసం పోటీపడే దేశం ముందు ఆర్థిక శాఖను కాదు, మందుల ధర నిర్ణయించే ఆరోగ్య శాఖను ఒప్పించుకోవాలి.