చిత్తూరు ఉచిత న్యాయ సహాయం: బండి నంబరు తెలియని ప్రమాదానికి పరిహారం

చిత్తూరు జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అందించే ఉచిత న్యాయ సహాయాన్ని నేను 2025 ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు ఉపయోగించుకున్నాను. గుద్ది ఆగకుండా వెళ్లిపోయిన వాహనం వల్ల కాలు విరిగి, నంబరు తెలియదు కాబట్టి ఇక దారి లేదని నమ్మి, మూడు నెలలు మంచం మీదే ఉండిపోయినదాన్ని నేను. అలాంటి స్థితిలో ఉన్నవారికి ఈ సేవ ఎంతవరకు అక్కరకొస్తుందో, ఏది దాని చేతిలో లేదో నాకు జరిగినది జరిగినట్టుగా రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు పాఠాలు చెబుతాను. 2024 నవంబరు రెండో వారంలో ఒకనాడు తెల్లవారుజామున, ఇంకా మసకచీకటి వీడని వేళ, తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో స్కూటీ మీద పోతుండగా వెనక నుంచి వచ్చిన సరుకుల వ్యాను నా హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. పడిన చోటి నుంచి తల ఎత్తి చూస్తే దాని వెనక తలుపుకు కట్టిన టార్పాలిన్ పట్టా వేలాడుతూ నంబరు ప్లేటును కప్పేసి ఉంది. ఆ బండి గురించి నేను చెప్పగలిగింది ఈ రోజుకీ అంతే. పాల కేంద్రానికి పాలు పోయడానికి వచ్చిన ఇద్దరు రైతులు 108కు ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా నా కాలు కదలకుండా రెండు పక్కలా పాల క్యాన్లు ఆనించి, తలకింద తువ్వాలు మడిచి పెట్టారు. కుడి మోకాలి కింద ఎముకలు రెండూ విరిగాయి. ఆపరేషను, లోపల వేసిన రాడ్డు, మందులు, ఆ తరువాతి ఫిజియోథెరపీ అన్నీ కలిపి 1,38,000 రూపాయలు అయ్యాయి. దాని మీద ఐదు నెలల జీతం పోయింది.

ఆసుపత్రిలో ఉన్న మూడో రోజున ఎవరో ఒక మనిషి మా ఆయనను వరండాలోకి పిలిచి, "అన్నా, బండి దొరకలేదని దిగులు పడొద్దు, బండిని మేం చూపిస్తాం, ఇన్సూరెన్సు ఉన్న బండే చూపిస్తాం, వచ్చినదాంట్లో సగం మాది" అని చెప్పి, రాయని కాగితాల మీద సంతకాలు అడిగాడు. ఆ మాట విని మా ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదు, ఎందుకంటే మాకు నిజంగానే డబ్బు కావాలి. గుద్దని బండిని గుద్దినట్టు చూపించడం నేరమనీ, ఎవరో తెలియని డ్రైవరును కేసులో ఇరికించడమనీ ఆలోచించి వద్దన్నాం. డబ్బు అవసరం తెలిసి వచ్చే ఇలాంటివారు మంచం పక్కకు చేరేలోపే సరైన సమాచారం చేరాలన్నది నా గట్టి అభిప్రాయం, ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం కూడా అదే.

పోలీసులు భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంగా బండి నడపడం, ఇతరుల ప్రాణాలకు ముప్పు తేవడం గురించి చెప్పే 281, 125 సెక్షన్ల కింద కేసు కట్టి ఎఫ్‌ఐఆర్ నకలు ఇచ్చారు. ఆ తరువాత ఎప్పుడు అడిగినా "దొరికితే చెబుతాం" అన్న ఒక్క మాటే వినిపించింది. అయితే 2024 జనవరి 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కేసు నమోదైన నెల రోజుల్లోగా వాహనం వివరాలు తెలియకపోతే, ప్రత్యేక పథకం కింద పరిహారం కోరవచ్చన్న విషయాన్ని, ఏ అధికారిని కలవాలో ఆ వివరాలతో సహా, స్టేషను వారే బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. నాకు అలాంటి కాగితం ఏదీ అందలేదు. ఏ స్టేషనో ఇక్కడ రాయను. కానీ ఆ ఒక్క కాగితం డిసెంబరులో చేతికి వచ్చి ఉంటే మా ఇంట్లో రెండు నెలల నిస్పృహ తగ్గి ఉండేది.

ఫిబ్రవరిలో చంకకర్రల సాయంతో చిత్తూరు వెళ్లాను. నాకు జీతం ఉంది కదా, ఉచితంగా ఎందుకు చేస్తారన్న సంకోచంతోనే లోపలికి అడుగుపెట్టాను. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీ వర్గాలవారికి, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం అందుతుందని అక్కడే తెలిసింది. దరఖాస్తు రాసుకున్నది ఒక పారా లీగల్ వాలంటీరు (న్యాయవాది కాకపోయినా శిక్షణ పొంది సంస్థ తరఫున సాయపడే కార్యకర్త), మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. "అక్కా, బండి దొరికితే ఒక దారి, దొరక్కపోతే ఇంకో దారి, దారే లేదని ఎవరు చెప్పినారు?" అని అడిగింది. మూడు నెలల్లో నాకు ఎవరైనా సూటిగా చెప్పిన మొదటి మాట అదే.

ఆమె, తరువాత సంస్థ తన జాబితాలోంచి నాకు కేటాయించిన ప్యానెల్ న్యాయవాది వివరించినదాన్ని బట్టి, మోటారు వాహనాల చట్టంలోని 161వ సెక్షను కింద 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ఒకటి ఉంది. ఎంత ప్రయత్నించినా వాహనం ఏదో తేలని ప్రమాదంలో మనిషి చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయమైతే బాధితుడికి 50,000 రూపాయలు ఇస్తారు. పాత పథకంలో ఈ మొత్తాలు 25,000, 12,500 మాత్రమే ఉండేవట. దరఖాస్తు వెళ్లేది ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు కాదు, విచారణాధికారిగా ఉండే రెవెన్యూ అధికారికి. ఆయన విచారించి నెలలోగా నివేదిక పంపాలి, కలెక్టరు పదిహేను రోజుల్లో మంజూరు చేయాలి, ఆపై పదిహేను రోజుల్లో బీమా కంపెనీల ఉమ్మడి సంస్థ అయిన జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ డబ్బును నేరుగా బ్యాంకు ఖాతాలో వేయాలి.

న్యాయ సహాయం విలువ నాకు తెలిసివచ్చింది గాయాల సర్టిఫికెట్ దగ్గర. అందులో నా గాయం "సింపుల్", అంటే స్వల్పమైనది, అని ఉంది. ప్రమాదం జరిగిన రోజు, ఎక్స్‌రే రిపోర్టు రాకముందే, పైకి కనిపించిన చర్మపు గాయాలను మాత్రమే చూసి రాసిన కాగితం అది. ఆ తరువాత దాన్ని ఎవరూ సవరించలేదు. నేను దాన్ని పదిసార్లు చూసి ఉంటాను కానీ ఆ మాటకు ఉన్న బరువు నాకు తెలియలేదు. న్యాయవాది మేడమ్ నా ఎక్స్‌రే ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి, విరిగిన చోట వేలు పెట్టి చూపిస్తూ, "ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమమ్మా, ఈ కాగితంతో వెళితే మీ దరఖాస్తు మొదటి పేజీలోనే ఆగిపోతుంది" అన్నారు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనులో ఎముక గానీ పన్ను గానీ విరగడం, తొలగడం తీవ్ర గాయమని స్పష్టంగా ఉంది. ఆమె రాసిచ్చిన లేఖతో, ఎక్స్‌రే రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ జతచేసి ఆసుపత్రికి మళ్లీ వెళితే, రెండు వారాల తరువాత తుది అభిప్రాయంతో కూడిన సర్టిఫికెట్ వచ్చింది. ఈ సంగతి తెలియక ఎందరు దరఖాస్తు పెట్టకుండా, పెట్టినా తిరస్కరణకు గురై ఇంటికి వెళ్లిపోయారో అని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

మిగిలిన కాగితాలు తేలికే: ఎఫ్‌ఐఆర్ నకలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఆసుపత్రి బిల్లులు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌బుక్కులో అత్తింటి ఇంటిపేరు ఉండటం వల్ల అఫిడవిట్ కోసం మరో పది రోజులు పోయాయి. పెళ్లయిన స్త్రీలు ఈ తేడాను ముందే సరిచూసుకోవడం మంచిది. దరఖాస్తుతో పాటు ఒక హామీ పత్రం మీద కూడా సంతకం చేయాలి: రేపు వాహనం దొరికి వేరే పరిహారం వస్తే ఈ సొమ్మును తిరిగి ఇచ్చేస్తానని. న్యాయవాది దాన్ని తెలుగులో వాక్యం వాక్యం చదివి, అర్థమైందని నేను చెప్పిన తరువాతే సంతకం చేయించారు. ఆసుపత్రి వరండాలో రాయని కాగితం మీద సంతకం అడిగిన మనిషి ఆ క్షణాన నాకు గుర్తొచ్చాడు.

మార్చి చివర దరఖాస్తు ఇచ్చాను. పథకం లెక్క ప్రకారం రెండు నెలల్లో ముగియాల్సిన పని ఆగస్టు దాకా సాగింది. విచారణ నివేదిక ఒక బల్ల మీద నిలిచిపోయినప్పుడు న్యాయవాది ఊరికే కూర్చోలేదు. సుప్రీంకోర్టు అదే తీర్పులో ప్రతి జిల్లాకు ఒక పర్యవేక్షణ కమిటీని ఏర్పాటు చేయమంది; అందులో న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, విచారణాధికారి, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ఉంటారు. ఆ కమిటీ దృష్టికి విషయాన్ని లేఖ ద్వారా తీసుకెళ్లిన తరువాత కాగితం కదిలింది. ఆగస్టులో 50,000 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. ఈ ఆరు నెలల్లో న్యాయ సహాయానికి నేను ఒక్క రూపాయి ఫీజు చెల్లించలేదు; బస్సు ఛార్జీలు, జిరాక్సులు, అఫిడవిట్ ఖర్చు మాత్రమే నావి.

ఆ మొత్తం సరిపోయిందా అంటే, లేదు. నా ఖర్చులో సగానికి కూడా అందదు, పోయిన జీతం సంగతి సరేసరి. కాలు విరిగిన మనిషికీ, కాలు తీసేసిన మనిషికీ ఒకే 50,000 అనడం నాకు ఏ విధంగానూ న్యాయంగా తోచదు. ఈ మొత్తాలను పెంచే విషయం ఆలోచించమని సుప్రీంకోర్టు కూడా కేంద్రానికి సూచించింది. ఈ లోపం న్యాయ సహాయం అందించినవారిది కాదు, పథకానిది. అందుకే వాహనాన్ని గుర్తించే ప్రయత్నం మొదటి వారంలోనే గట్టిగా జరగాలి. దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వైద్య ఖర్చు, పోయిన ఆదాయం, పడిన బాధ అన్నిటికీ విడివిడిగా లెక్క కట్టి పరిహారం అడగవచ్చు. మా తమ్ముడు దారిలోని పెట్రోలు బంకుకు వెళ్లేసరికి ఇరవై రోజులు దాటింది, కెమెరాలో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోయాయి. వెంటనే వెళ్లి, దృశ్యాలను భద్రపరచమని బంకు వారికీ పోలీసులకూ రాసి ఇచ్చి ఉండాల్సింది.

చిత్తూరు దాకా వెళ్లలేనివారు ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వెళ్లేవారు ఎక్స్‌రే రిపోర్టుతో పాటు ఫిల్ములనూ తీసుకెళ్లండి. నా కేసు ఫైలు స్టేషనులో ఇంకా ముగియలేదు. ఆ వ్యాను ఎప్పటికైనా దొరికితే ముందుగా తనకే ఫోన్ చేయమని న్యాయవాది మేడమ్ చెప్పారు. ఆమె నంబరును ఎఫ్‌ఐఆర్ నకలు వెనకే రాసి ఉంచాను.